చేత్తో తిప్పిన పంపు

ఈమధ్య కలకత్తా పక్కన సంత్రాగాఛిలో, మా తెలుగు చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక ఒకమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. తను చదువుతున్న కోర్సు పేరు ఇంట్లో ఎవరికీ నోరు తిరగడం లేదని చెప్పుకుంది. పర్‌ఫ్యూజన్ టెక్నాలజీ. వాళ్ళ నాన్న అడిగినవాళ్ళందరికీ మా అమ్మాయిది ఆపరేషన్ మెషిన్ల చదువని చెప్పి ఊరుకుంటున్నాడట. నువ్వు నర్సుగా ఉన్న రోజుల్లో ఇలాంటివాళ్ళు ఉండేవారా అమ్మమ్మా అని అడిగింది. ఉండేవారమ్మా, ఆ పేరు మాకూ తెలీదు, 'పంపు మనిషి' అనేవాళ్ళం అన్నాను. ఆ అమ్మాయి నవ్వింది. ఆ నవ్వు చూశాకే ఇది రాయాలనిపించింది. ఇక్కడే పుట్టి పెరిగిన మీలో చాలామంది తెలుగు కూడబలుక్కుని చదువుతారని నాకు తెలుసు. తొందరలేదు, మెల్లగా చదవండి.

మా నాన్న రైల్వేలో పనిచేసేవాడు. సంత్రాగాఛి యార్డు పక్కనే మా క్వార్టర్. నర్సింగ్ ట్రైనింగ్ పూర్తయ్యాక నాకు కలకత్తాలో ఒక పెద్దాసుపత్రిలో పని దొరికింది. లోకల్ రైల్లో హౌరా దాకా, అక్కణ్ణించి బస్సులో. డెబ్భైలు అప్పుడప్పుడే మొదలైన రోజులవి. గుండె తెరిచి చేసే ఆపరేషన్లు నగరం మొత్తం మీద అరుదు. మా ఆసుపత్రిలో ఒక సర్జన్ అవి మొదలుపెట్టారు. ఆపరేషన్ థియేటర్లో ఉన్న నర్సుల్లో ఒకరు పంపు దగ్గర సాయంగా ఉండాలంటే ఎవరూ ముందుకు రాలేదు. కొత్తదాన్ని కాబట్టి నన్ను తోసేశారు. నా బతుకులో అంత మంచి తోపు ఇంకోటి లేదు.

ఆ యంత్రం సంగతి కొంచెం చెప్పాలి. గుండెను కోసి బాగుచెయ్యాలంటే ముందు దాన్ని ఆపాలి. గుండె ఆగితే ఊపిరితిత్తులకీ పని ఉండదు. ఆ రెండూ చేసే పని ఆ కాసేపూ ఎవరో ఒకరు చెయ్యాలి. అందుకే ఈ యంత్రం. పొడుగాటి గాజు గొట్టాన్ని పక్కకి పడుకోబెట్టినట్టు ఉండేది. లోపల ఒక ఇరుసు, దానికి వరసగా గుచ్చిన పల్చటి స్టీలు బిళ్ళలు. రోగి ఒంట్లోంచి వచ్చిన నల్లటి రక్తం గొట్టం అడుగున పారుతుంటే బిళ్ళలు సగం మునిగి తిరుగుతూ ఆ రక్తాన్ని పొరలుగా పైకి తెచ్చేవి. పైన నింపిన ఆక్సిజన్ తగిలి రక్తం ఎర్రబడేది. దాన్ని ఒక పంపు మళ్ళీ ఒంట్లోకి తోసేది. నల్లగా వచ్చి ఎర్రగా వెళ్ళడం మొదటిసారి చూసిన రోజు నేను చెయ్యాల్సిన పని మర్చిపోయి నిలబడిపోయాను.

ఆ యంత్రం నడిపే ఆయన్ని అందరం దాదా అనేవాళ్ళం, బెంగాలీలో అన్నయ్య అని, సర్జన్‌తో సహా. శ్యాంబజార్ వైపు మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. శరీరశాస్త్రం చదివి కాలేజీలో పాఠాలు చెప్పుకుంటుంటే, ఈ యంత్రం వచ్చిన కొత్తలో సర్జన్ ఆయన్ని లాక్కొచ్చారట. వెనక్కి వెళ్ళాలని ఎప్పుడూ అనుకోలేదా అని ఒకసారి అడిగాను. కాలేజీలో తప్పు చెప్తే కుర్రాళ్ళు పరీక్షలో తప్పు రాస్తారు, అంతే, ఇక్కడ అలా కాదు కదా, అందుకే ఉండిపోయాను అన్నారు. ఆ జవాబు అర్థమవడానికి నాకు చాలా కాలం పట్టింది.

గొట్టాలు ఎక్కడెక్కడ కలుస్తాయో అక్కడల్లా రెండు చేతులతో పట్టి లాగి చూసేవారు. నేను ఒకసారి చూసి ఇచ్చినా మళ్ళీ చూసేవారు. యంత్రం పక్కన మేకుకి రెండు ఇనప హేండిళ్ళు వేలాడేవి. కరెంటు పోతే ఒకటి పంపుకి తగిలించి తిప్పాలి, ఇంకోటి బిళ్ళల ఇరుసుకి. ప్రతి ఆపరేషన్ ముందూ అవి తీసి తగిలించి, తిప్పి, మళ్ళీ మేకుకి పెట్టేవారు. దాదా ఐస్‌క్రీం చేసుకుంటున్నారని కుర్ర డాక్టర్లు నవ్వుకునేవారు. ఆయన కూడా నవ్వేవారు. తిప్పి చూడటం మాత్రం మానలేదు.

ఆయనకి ఇంకో అలవాటు ఉండేది. ఆపరేషన్ ముందు రోజు వార్డుకి వెళ్ళి రోగి పక్కన కూర్చునేవారు. ఎత్తు, బరువు కావాలి నిజమే, పంపు ఎంత వేగంగా నడపాలో వాటిని బట్టే లెక్క. కానీ అవి కేసు షీటులో ఉంటాయి కదా. ఆయన వెళ్ళేది ఇంకొకందుకు. నేను చేరిన కొత్తలో ఒక బడిపంతులికి ఆపరేషన్ జరిగింది. గుండె బాగైంది, కుట్లు మానాయి, మనిషి మాత్రం మునుపటిలా లేడు. భార్యని గుర్తుపట్టేవాడు, పిల్లల పేర్ల దగ్గర తడబడేవాడు. ఎందుకలా అయిందో ఎవరూ తేల్చలేకపోయారు. రక్తంలో గాలిబుడగ వెళ్ళిందేమో, కాసేపు మెదడుకి రక్తం చాలలేదేమో. పంపు తప్పని ఎవరూ అనలేదు. కాదని కూడా ఎవరూ అనలేదు. దాదా వారం వారం ఆ పంతులుగారింటికి వెళ్ళి కూర్చుని వచ్చేవారు. అప్పట్నించీ ముందు రోజే ప్రతి రోగినీ ఒక చిన్న మాట అడిగేవారు. కాగితం మీద ఉండని మాట, ఆ మనిషికి మాత్రమే తెలిసిన మాట. మెలకువ వచ్చాక మళ్ళీ అదే అడిగేవారు.

ఇక ఆ రోజుల్లో మా దగ్గరికొచ్చిన ఒక అమ్మాయి సంగతి. ఖిదిర్‌పూర్ ఓడల డాక్‌లో పనిచేసే మన తెలుగువాడి భార్య. శ్రీకాకుళం సముద్రం పక్కనుంచి పెళ్ళి చేసుకుని వచ్చింది. ఇరవయ్యో, ఇరవయ్యొకటో ఉంటాయి. మెట్లు ఎక్కితే ఆయాసం, నీళ్ళ బిందె ఎత్తితే ఆయాసం. అత్తగారు బద్ధకమనుకుంది. మొగుడు అనుకోలేదు. డాక్ ఆసుపత్రిలో చూపించి, అక్కడివాళ్ళు చెబితే మా దగ్గరికి తెచ్చాడు. గుండె పై గదుల మధ్య గోడలో పుట్టుకతోనే చిల్లు ఉందని తేలింది. మూయకపోతే నాలుగు కాలాలు బతకదని సర్జన్ చెప్పారు.

ఆమెకి బెంగాలీ రెండు మూడు మాటలు మించి రాదు. నేను మధ్యలో కూర్చున్నాను. దాదా ఎత్తు అడిగారు, బరువు అడిగారు, తర్వాత, ఇంట్లో చివరిసారి ఏం వండావని అడిగారు. ఆమె నా వైపు వింతగా చూసి, మెత్తళ్ళ కూరని చెప్పింది. మెత్తళ్ళంటే చిన్న చేపలని దాదాకి చెప్పడానికి నేను తంటాలు పడ్డాను. ఆయన బెంగాలీవాడు కాబట్టి చేపల విషయంలో సగంలో వదలరు. ఏ నీళ్ళలో దొరుకుతాయి, ముళ్ళుంటాయా, ఆవాలు వేస్తారా అన్నీ అడిగారు. ఆ కాసేపూ ఆ పిల్ల భయం మర్చిపోయింది. వెళ్ళబోతుంటే మాత్రం నా చెయ్యి పట్టుకుంది.

"సిస్టరమ్మా, గుండె ఆపేత్తారంట గదా. అంతసేపూ నానెక్కడుంతాను?"

క్రైస్తవురాలిని, ప్రార్థన చెప్పొచ్చు, కానీ ఆ అమ్మాయి అడిగింది అది కాదు. ఏమంటోందని దాదా అడిగితే చెప్పాను. ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు.

"నా దగ్గర ఉంటుందని చెప్పండి. ఉన్నంతసేపూ నేను కళ్ళు తిప్పనని చెప్పండి."

మర్నాడు పొద్దున్నే డాక్ నుంచి మొగుడి తోటివాళ్ళు రక్తం ఇవ్వడానికి వచ్చారు. ఆ యంత్రం నింపడానికే బోలెడంత తాజా రక్తం కావాలి. ఓడల్లోంచి బస్తాలు మోసే మనుషులు, సూది చూసి మొహాలు పక్కకి తిప్పుకున్నారు. ఒక్కరూ వెనక్కి మాత్రం పోలేదు. ఆమె మొగుడు అందరికంటే ముందు పడుకున్నాడు. వాళ్ళిచ్చిన రక్తమే గాజు గొట్టంలో పోసి పంపు మొదలుపెట్టాం.

అంతా సాఫీగానే సాగింది. గుండె ఆగింది, యంత్రం అందుకుంది. సర్జన్ గుండె తెరిచి చూశారు. చిల్లు అనుకున్నదానికంటే పెద్దది. సరిగ్గా అప్పుడు తల మీద దీపం ఆరిపోయింది. ఫ్యాను ఆగింది. నాకు అన్నిటికంటే గుర్తున్నది పంపు మోత ఆగిపోవడం. ఆ మోత అంతవరకూ వింటున్నామని కూడా మాకు తెలీదు.

లోడ్‌షెడింగ్ అప్పట్లో కలకత్తాలో రోజూ ఉండేదే. ఆసుపత్రికి జనరేటర్ ఉంది. అది కింద ఒకసారి గుర్రుమని మొదలైంది, దగ్గింది, ఆగిపోయింది.

దాదా చేతులు అప్పటికే కదిలాయి. రక్తం వెనక్కి రాకుండా ముందు గొట్టాన్ని నొక్కిపట్టే క్లాంపు వేశారు. మేకు మీంచి హేండిల్ తీసి పంపుకి తగిలించారు, క్లాంపు విప్పారు, తిప్పడం మొదలుపెట్టారు. ఇంకో హేండిల్ నా చేతిలో పెట్టారు. చూసి నేర్చుకున్నదే కాబట్టి బిళ్ళల ఇరుసు నేను తిప్పాను. ఇది చెప్పడానికి పట్టినంతసేపు కూడా పట్టలేదు. ఎవరో టార్చీలు తెచ్చి సర్జన్ భుజం మీంచి పట్టుకున్నారు.

"తిప్పుతున్నాం," అన్నారు దాదా. అంతే. అరవలేదు.

పంపు తిప్పడం చూడ్డానికి తేలికే. బావిలో నీళ్ళు తోడినట్టుంటుందని అనుకోకండి. వేగం పెరిగితే రక్తనాళాల మీద ఒత్తిడి పెరుగుతుంది. గాజు గొట్టంలో రక్తం మట్టం పడిపోతుంది, పూర్తిగా పడిపోతే రోగి ఒంట్లోకి గాలి వెళ్ళిపోతుంది. వేగం తగ్గితే మెదడు ఆకలితో ఉంటుంది. కాబట్టి తిప్పేవాడి కన్ను మట్టం మీద ఉండాలి, చెయ్యి గడియారంలా నడవాలి. కాసేపటికి దాదా చెయ్యి మార్చుకోవాల్సి వచ్చింది. హౌస్ సర్జన్‌గా ఉన్న కుర్రాడు ముందుకొచ్చాడు. కాలేజీ ఫుట్‌బాల్ టీములో ఆడే దిట్టమైన మనిషి. ఉన్న బలమంతా పెట్టి తిప్పాడు. మట్టం చూస్తుండగానే దిగిపోయింది. దాదా తన అరచెయ్యి అతని చేతి మీద వేసి వేగం తగ్గించారు. "ఆస్తే, ఆస్తే," అన్నారు, మెల్లగా అని. గోల్ కొట్టక్కర్లేదు బాబూ, ఊయల ఊపితే చాలన్నారు. అతను చిన్నపిల్లాడిలా ఒదిగిపోయాడు. ఐస్‌క్రీం అని నవ్వినవాళ్ళలో అతనూ ఒకడు.

మనిషి మారేటప్పుడు ఒక్క తిప్పు కూడా తప్పకుండా ఎలా మారాలో ఆయన అక్కడికక్కడే నేర్పారు. కొత్తవాడు పాతవాడి చెయ్యి మీద చెయ్యి వేసి, ఇద్దరూ కలిసి తిప్పి, ఆ తర్వాతే పాతవాడు వదలాలి. బీహారు నుంచి వచ్చిన ఆర్డర్లీ ఒకతను ఉండేవాడు, మధ్యవయసు మనిషి. అతనూ వంతుకి వచ్చాడు. అందరికంటే నిలకడగా తిప్పినవాడు అతనే.

అప్పుడు సర్జన్ తల ఎత్తకుండానే అడిగారు. కరెంటు లేదు. చిల్లుని నేరుగా కుట్టేస్తే తొందరగా బయటపడొచ్చు. కానీ అంచులు పల్చగా ఉన్నాయి, కుట్టు లాగితే చిరుగుతుంది, రేపో ఎల్లుండో విడిపోవచ్చు. ఆమె గుండె పొరలోంచే ముక్క కోసి అతుకు వేస్తే జీవితాంతం నిలుస్తుంది, కానీ దానికి చాలా సేపు పడుతుంది. ఎంతసేపు ఇవ్వగలరు దాదా అని అడిగారు.

దాదా గాజు గొట్టంలో రక్తం రంగు చూశారు, మట్టం చూశారు. తర్వాత మమ్మల్ని చూశారు. నన్ను, ఆ కుర్రాణ్ణి, ఆర్డర్లీని. మా బట్టలు చెమటకి తడిసి ఒంటికి అతుక్కున్నాయి.

"మీకెంత కావాలో అంత తీసుకోండి. అతుకే వెయ్యండి," అన్నారు.

సర్జన్ కత్తెర కోసం చెయ్యి చాచారు. దాదా నా వైపు వంగి మెల్లగా అన్నారు. "అనేశాను సిస్టర్. ఇక మనం దాన్ని నిజం చెయ్యాలి."

నేను తర్వాత చాలామంది పెద్ద పెద్ద డాక్టర్లతో పనిచేశాను. ధైర్యం అన్న మాట ఎక్కడ విన్నా నాకు గుర్తొచ్చేది ఆ క్షణమే. ఆయన కుదరదని చెప్పొచ్చు. చెప్తే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. తొందరగా కుట్టేసి బయటపడేవాళ్ళు, ఆ కుట్టు తర్వాత విడిపోతే అది పంపు ఖాతాలోకి వచ్చేది కాదు. ఆయన ఆ పిల్లకి పనికొచ్చే జవాబు చెప్పి, దాని బరువు తన భుజం మీదే వేసుకున్నారు.

మా భుజాల మీద కూడా వేశారనుకోండి. నా చేతికి స్పర్శ పోయింది. వేళ్ళు హేండిల్ పట్టుకున్నాయో లేదో కళ్ళతో చూసుకోవాల్సి వచ్చింది. దాదా మాత్రం తిప్పుతూనే మాట్లాడుతూ ఉన్నారు. రంగు బాగుంది, మట్టం నిలిచింది, ఇలాగే, ఇలాగే అని. ఆ గొంతు పట్టుకునే అందరం నడిచాం. సర్జన్ చేతులు కూడా ఆ గొంతు వింటూనే నెమ్మదించాయని నాకనిపించింది.

బయట వరండాలో ఆమె మొగుడు కూర్చున్నాడు. ఫ్యాన్లు ఆగిపోవడం చూసి లేచి తలుపు దగ్గర కాపలా ఉన్న దర్వాన్‌ని అడిగాడట. లోపల థియేటర్‌కి వేరే కరెంటు ఉంటుందని దర్వాన్ చెప్పాడట. ఆ అబద్ధానికి ఆ దర్వాన్‌ని దేవుడు క్షమించే ఉంటాడు.

అతుకు చివరి కుట్లలో ఉండగా జనరేటర్ అందుకుంది. దీపం వెలిగింది. హౌస్ సర్జన్ కుర్రాడు పట్టలేక హేండిల్ వదలబోయాడు. దాదా వద్దన్నారు. జనరేటర్ ఎంత నమ్మకమైనదో ఇందాక చూశాం కదా అన్నారు. దాని చప్పుడు కుదురుకునేదాకా చేత్తోనే తిప్పించారు. తర్వాత ముందు బిళ్ళల మోటారు, అది బాగా నడిచాక పంపు మోటారు. రెండూ నడుస్తుంటే కూడా హేండిళ్ళు మేకుకి పెట్టలేదు. ఒళ్ళో పెట్టుకున్నారు.

గుండె మళ్ళీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. అది కొంచెం కొంచెంగా బరువు ఎత్తుకుంటుంటే ఆయన కొంచెం కొంచెంగా పంపు తగ్గించారు. ఒక దశలో ఎవరు నడుపుతున్నారో, యంత్రమో ఆమె గుండో, చెప్పలేనట్టు ఉంటుంది. ఆ తర్వాత పంపు పూర్తిగా ఆపారు. ఈసారి ఆ నిశ్శబ్దం ఎంత బాగుందో.

ఆపరేషన్ అయ్యాక అందరూ రోగి మొహం చూస్తారు, నాడి చూస్తారు. దాదా ముందు మంచం కింద వేలాడే మూత్రం సీసా చూసేవారు. కిడ్నీలకి రక్తం సరిగ్గా అందిందో లేదో అదే చెప్తుంది. సీసాలో లేత పసుపు రంగు కనిపించాకే ఆయన గోడకి ఆనుకుని కూర్చున్నారు. టీ తెచ్చిస్తే కుడిచెయ్యి లేవలేదు. ఎడమచేత్తో అందుకుని, సగం ఒలకబోసుకుని, తన మీద తనే నవ్వుకున్నారు.

అసలు పరీక్ష ఇంకా మిగిలే ఉంది. పక్కరోజు పొద్దున ఆమెకి తెలివొచ్చింది. దాదా మంచం పక్కన కూర్చున్నారు. ఆ మనిషి భయపడటం నేను అప్పుడే చూశాను. కరెంటు పోయినప్పుడు కూడా అలా లేరు. అడగమని నాకు సైగ చేశారు. ఇంట్లో చివరిసారి ఏం వండావమ్మా అని అడిగాను.

ఆమె కళ్ళు మూసుకుంది. దాదా నా మొహం చూస్తున్నారు.

"మెత్తళ్ళ కూర," అంది. "మొన్న సెప్పాను గదా. ఉప్పెక్కువైపోనాదని మా అత్త తిట్టింది."

నేను బెంగాలీలో చెప్పాను. ఉప్పు సంగతి మొన్న చెప్పలేదు కదా అన్నారు దాదా. లేదు, ఇవాళే చెప్తోందన్నాను. ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డారు. కాసేపటికి అక్కణ్ణించే, మనం ఆమెను మొత్తంగానే తిరిగి ఇచ్చాం సిస్టర్ అన్నారు.

ఆ ముక్క మీకోసమే రాస్తున్నాను, ఈ చదువులు చదివే పిల్లలకి. మీ పేరు రోగికి తెలీదు. మీ మొహం రోగి చూడడు. మత్తులోకి వెళ్ళాక మీరు వస్తారు, మెలకువ రాకముందే మీ పని అయిపోతుంది. స్వీట్ల డబ్బా సర్జన్‌కి వెళ్తుంది, అందులో తప్పేం లేదు, ఆయన కష్టమూ తక్కువది కాదు. మీకు మిగిలేది ఒక మనిషి తన కూరలో ఉప్పెక్కువైన సంగతి గుర్తుపెట్టుకుని లేవడం. అది చాలుతుందా అని అడిగితే, దాదాకి చాలింది. ఆయన్ని చూసి నాకూ చాలింది. తర్వాత కొన్నేళ్ళకి నేనే పంపు నడిపాను, రిటైరయ్యేదాకా.

ఆమె ఇంటికి వెళ్ళే రోజున మొగుడు ఖిదిర్‌పూర్ నుంచి సందేశ్ మిఠాయి డబ్బా తెచ్చి సర్జన్‌కి ఇచ్చాడు. సర్జన్ తీసుకుని, ఇంకో చోటికి కూడా వెళ్ళాలని చెప్పి ఇద్దర్నీ మా గదికి పంపారు. ఆ వేళకి దాదా, నేను యంత్రం విప్పి కడుగుతున్నాం. బిళ్ళలన్నీ గుడ్డ మీద వరసగా ఆరబెట్టి ఉన్నాయి. మొగుడు గుమ్మం దగ్గరే చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. ఆమె మాత్రం లోపలికొచ్చింది. మెట్లు ఎక్కి వచ్చినా ఆయాసం లేదు. తన రక్తం తిరిగింది వీటిమీదేనా అని నన్ను అడిగింది. అవునన్నాను. ముట్టుకోవచ్చా అంది. దాదా తల ఊపారు.

ఒక బిళ్ళని వేలి కొసతో తాకింది. "ఇంత సల్లగున్నాదేటి," అంది.

ఏమంటోందని దాదా అడిగారు. చెప్పాను. ఆయన చేతిలో ఉన్న బిళ్ళని తుడిచి గుడ్డ మీద పెట్టారు.

"ఆ రోజు వెచ్చగా ఉందని చెప్పండి. ఆమె ఒంటి వేడే."

నేను తెలుగులో చెప్పాను. ఆమె వేలు తీసి, ఈసారి అరచెయ్యంతా ఆ బిళ్ళ మీద ఆనించి, మొగుడు పిలిచేదాకా అలాగే ఉంచింది.